కొల్లాపూర్ మొరం దారిలో ర్యాలీ, మట్టిలో పోయిన నా చెప్పు

కొల్లాపూర్ వెళ్లాలని నేను ఎన్నడూ అనుకోలేదు. మా తమ్ముడు శీను ఫోన్ చేసి, "అక్కా, ఈసారి ర్యాలీ మన తెలంగాణలనే పెడ్తుండ్రు. బయటి దేశాలోళ్లు గూడ వస్తుండ్రు. ఈసారన్న రా" అన్నాడు. ర్యాలీ అంటే ఊరేగింపు కాదు, మట్టి దారుల్లో జరిగే కార్ల పందెం. శీను ఆ కార్లలో నావిగేటర్. కారు నడిపేవాడి పక్కన కూర్చుని, రాబోయే మలుపు ఎంత వంకరగా ఉందో, ఎక్కడ గుంత ఉందో ముందే చదివి చెప్పడం వాడి పని. మేం పుట్టి పెరిగింది కేతేపల్లిలో. అక్కడ కాలువ కట్టల మీద స్నేహితుల మోటారు సైకిల్ వెనక కూర్చుని "ఎడమకు, కుడికి" అని అరిచిన అలవాటు వాడికి ఇలా పనికొచ్చింది. పనికొచ్చిందని అనడం కూడా ఎక్కువే. ఇన్నేళ్లలో ఒక్క పోటీలోనూ వాళ్ల కారు చివరిదాకా చేరలేదు. ఒకసారి ఇంజన్ పోయింది, ఒకసారి చక్రం ఊడింది, కిందటిసారి కారు పల్టీ కొట్టి వాడి భుజం ఎముక విరిగింది. ఆసుపత్రి బల్ల మీద పడుకుని కాపలా కాసింది నేను. అందుకని ఇంట్లో అందరం కలిసి ఒక మాట అనుకున్నాం. ఈసారి కూడా కారు చివరిదాకా చేరకపోతే శీను ఇది మానేసి, నల్గొండలో మా ఆయన చూసిపెట్టిన ట్రాక్టర్ షోరూంలో చేరాలి. వాడు ఒప్పుకున్నాడు. దాచడం ఎందుకు, నేను బయలుదేరింది ఈ గోల ముగిసిపోతుంటే కళ్లారా చూద్దామనే.

హైదరాబాద్ ఎంజీబీఎస్ నుంచి కొల్లాపూర్‌కు నేరుగా ఎక్స్‌ప్రెస్ బస్సులున్నాయి. జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్, పైసా కట్టక్కర్లేదు. ఆ టికెట్ చేతికి రాగానే ఎంత సంతోషం కలుగుతుందో, సీటు దొరకదని తెలియగానే అంతా పోతుంది. జడ్చర్ల దాకా నిలబడ్డాను. అక్కడ బస్సు ఆగినప్పుడు తాగిన టీ చక్కెర పానకంలా ఉంది, అయినా రెండోది తాగాను. నాగర్‌కర్నూల్ దాటాక దారికి రెండు పక్కలా పత్తి చేలు, మధ్యమధ్య పెద్ద రాతి గుండ్లు, గొర్ల మందలు. చూడటానికి బాగానే ఉంటుంది, నడుం నొప్పి లేనివాళ్లకి. చీకటి పడే వేళకు కొల్లాపూర్‌లో దిగాను. బస్టాండుకు దగ్గర్లోనే ఏడు వందలకు గది దొరికింది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ గొణుగుతూనే ఉంది, నాలాగే.

తెల్లవారి ఆరింటికి ఆటో మాట్లాడుకున్నాను. పోటీ కోసం మూసేసే దారి ముక్కను స్టేజ్ అంటారు. మొదటి కారు రావడానికి చాలా ముందే మామూలు బండ్లను ఆపేస్తారు కాబట్టి పొద్దున్నే చేరిపోవాలి. ఆటో నడిపే బాలయ్యది స్టేజ్ వెళ్లే ఊరే. మధ్యాహ్నం దాకా ఉండి తిరిగి తీసుకురావడానికి ఎనిమిది వందలన్నాడు. బేరమాడే ఓపిక లేక సరేనన్నాను.

"మేడం, మీరు పేపరోళ్లా?" అని అడిగాడు.

"కాదు. మా తమ్ముడు ఒక కారులో ఉన్నాడు."

అంతే, బ్రేకు కొట్టి వెనక్కి తిరిగాడు. "అవునా అక్కా! జర ముందుగాలనే చెప్పద్దా!" మేడం పోయి అక్కనైపోయాను. కిరాయి మాత్రం తగ్గలేదు.

ఊరి పేరు రాయను. ఇక్కడ జరిగింది చదివి ఆ ఊరివాళ్లను ఎవరైనా ఆటపట్టిస్తే నాకు నచ్చదు. ఊరు దాటగానే ఎర్ర కంకరమట్టి పోసిన మొరం దారి పత్తి చేల మధ్య నుంచి దిగి, ఒక పెద్ద గుండు పక్కన ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపుకు పైన మిట్ట మీద ఊరంతా చేరింది. దారి ఊడ్చి, అంచుల్లో ముగ్గు పోశారు. చంద్రమ్మ అనే ఆమె అక్కడే పొయ్యి పెట్టి జొన్న రొట్టెలు కొడుతోంది. రెండు రొట్టెలు, పల్లీల కారం, నలభై రూపాయలు. ప్రయాణం మొత్తంలో కడుపునిండా తిన్నది అదొక్కటే.

"తిను బిడ్డా, మల్ల ఆడోళ్లకు ఎండల నిలబడితె కండ్లు తిరుగుతయ్" అంది. బాలయ్య నా సంగతి చెప్పేశాడు కాబట్టి మూడో రొట్టె అడక్కుండానే పడింది.

దారి బాగుందో లేదో చూడటానికి పోటీ కార్లకంటే ముందు ఒక బండిని పంపిస్తారు. అది రివ్వున వచ్చి మలుపు తిరిగి పోయింది. దాని వెనక లేచిన ఎర్ర దుమ్ము మమ్మల్నందరినీ ముంచేసింది. చంద్రమ్మ పిండి ముద్ద ఎర్రబడింది. పిల్లలు కళ్లు నులుముకుంటున్నారు. దుమ్ము కాస్త అణగగానే సర్పంచ్ లేచాడు. తెల్ల చొక్కా మీద మట్టి దులుపుకుంటూ, "గీ దుమ్ముల వాళ్లు ఎట్ల నడుపుతరయ్యా? బయటి దేశపోళ్ల ముంగట ఊరి ఇజ్జత్ పోతది. ట్యాంకర్ తీస్కరాపో" అన్నాడు.

పంచాయతీ ట్రాక్టరు, దాని వెనక చెట్లకు నీళ్లు పోసే ట్యాంకరు వచ్చాయి. పెళ్లి ఊరేగింపుకైనా, మంత్రి వచ్చినా ఇక్కడ దారికి నీళ్లు చల్లుతారట. మలుపు మొదలు నుంచి చివరిదాకా చక్కగా తడిపారు. మలుపు దగ్గర కాపలా ఉన్న మార్షల్ ఒక్కడే, బయటి రాష్ట్రం మనిషి, తెలుగు రాదు. అతను ఈల ఊదుతూ రెండు చేతులూ ఊపాడు. ఆ అంచు కూడా తడపమంటున్నాడనుకుని ట్రాక్టరు మనిషి వెనక్కి వచ్చి ఆ అంచు కూడా తడిపాడు. చల్లటి మట్టి వాసన వచ్చింది. నేను కూడా హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇన్నేళ్లుగా ర్యాలీ తమ్ముడికి అక్కనై ఉండి కూడా, పొడి మొరం మీద పట్టుకునే టైరు తడి మొరం మీద జారుతుందన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

మొదటి కారు వచ్చినప్పుడు తట్టింది. మలుపులో అడ్డంగా జారి, గుండుకు జానెడు దూరంలో సర్దుకుని పోయింది. జనం చప్పట్లు కొట్టారు, అదంతా విన్యాసమనుకుని. రెండోది దారి అంచు కట్టను గీరుకుంటూ పోయింది. మార్షల్ వైర్‌లెస్‌లో ఏదో అరుస్తున్నాడు.  బాలయ్య చెయ్యి పట్టుకుని, "నీళ్లు కొట్టొద్దుండె బాలయ్యా, బండ్లు జారుతున్నయ్" అన్నాను. అతను పరిగెత్తి సర్పంచ్‌కు చెప్పాడు.

తర్వాత వచ్చిన నీలం కారు మాది. శీను కారు. మలుపులోకి వచ్చింది, వెనక భాగం జారింది, కట్ట మీంచి దిగి పత్తి చేనులోకి దూసుకుపోయి ఆగింది.  ఏ దేవుణ్ణి తలుచుకున్నానో గుర్తులేదు. అద్దంలోంచి బొటనవేలు పైకెత్తిన చెయ్యి కనిపించింది. ఆ వేలు నేను ఎత్తుకు తిరిగిన వాడిది, ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను. వాడికేం కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మార్షల్ పసుపు జెండా ఊపుతూ వెనకొచ్చే కార్లను హెచ్చరించడానికి పైకి పరిగెత్తాడు. ఇక్కడ కారు వెనక చక్రాలు బురదలో తిరుగుతున్నాయి, కారు మాత్రం అంగుళం కదలడం లేదు.

ఊరివాళ్లు ఒక్కరూ ముందుకు పోలేదు. కార్లను ఎవరూ ముట్టుకోవద్దని ముందురోజు మైకులో చాటించారట. సర్పంచ్ ట్రాక్టరు వైపు చూసి, నావైపు తిరిగాడు. "అమ్మా, గుంజమంటే ఒక్క నిమిషంల గుంజుతం. తప్పు మాదే" అన్నాడు.  ట్రాక్టరుతో లాగితే పోటీ నుంచి తీసేస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్లు చేతులతో తోస్తే మాత్రం తప్పు కాదు. ఇది శీను నాకు ఎప్పుడో అన్నం తింటూ చెప్పాడు. మిట్ట మీద ఉన్నవాళ్లలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

అందరూ నావైపే చూస్తున్నారు. నేను కాసేపు నోరు మూసుకుంటే చాలు. శీను ఒంటి మీద గీత కూడా పడలేదు, కారు చేనులో ఉంది. సోమవారం నుంచి షోరూం, నెల జీతం, నాకు నిద్ర. నేను బస్సులో నిలబడి మొక్కుకున్నది సరిగ్గా ఇదే.

"ఏం జేద్దమక్కా?" అన్నాడు బాలయ్య.

కారు లోపల శీను తల దించుకున్నాడు. హెల్మెట్ ముందుకు వాలిపోయింది. చిన్నప్పుడు పరీక్ష తప్పినప్పుడు గుమ్మంలో అలాగే కూర్చునేవాడు.

"ట్రాక్టరొద్దు! చేతులతోని తోయుండ్రి!" అని అరిచాను. అరిచింది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఊరు ఊరంతా చేనులోకి దిగింది. సర్పంచ్ తెల్ల చొక్కా, చంద్రమ్మ పిండి చేతులు, గొంగడి భుజాన వేసుకున్న గొర్లకాపరి, అందరం కారు వెనక చేరాం. చక్రాలు విసిరిన బురద ముఖం నిండా కొట్టింది. నా ఎడమ చెప్పు మట్టిలో దిగబడి అక్కడే ఉండిపోయింది. మార్షల్ పైనుంచి సరేనని సైగ చేయగానే ఒక్క తోపు తోశాం. కారు కట్టెక్కింది, గర్జించి పోయింది. శీను వెనక్కి చూడలేదు. తర్వాతి మలుపు చదువుతున్నాడు.

సాయంత్రం కొల్లాపూర్‌లో కార్లు చేరే మైదానంలో వాణ్ని చూశాను. కారు చివరిదాకా చేరింది, చివరి నుంచి రెండో స్థానం. ప్రపంచం గెలిచినట్టు ఎగురుతున్నాడు. "అక్కా, ఒక ఊరోళ్లు లేపిండ్రే మమ్ముల! ఎవరో నియమం తెలిసినోళ్లు ఉన్నట్టుండ్రు, ట్రాక్టరు కట్టనియ్యలే. వాళ్ల కాళ్లు మొక్కాలె" అన్నాడు.

"అట్లనా" అన్నాను. దారిలో కొన్న కొత్త రబ్బరు చెప్పుల్లో నా పాదాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వాడు చూడలేదు.

"షోరూం సంగతి బావకు నువ్వే చెప్పవా అక్కా? నాకు భయం."

చెప్తానన్నాను.

తిరుగు బస్సులో సీటు దొరికింది, నిద్ర మాత్రం రాలేదు. ఒళ్లంతా పచ్చి పుండులా ఉంది. అతిథులకు దుమ్ము తగలకూడదని దారి తడిపి ఆ ఊరివాళ్లు కారును చేనులోకి పంపారు. తమ్ముడి ముఖం చూడలేక నేను దాన్ని మళ్లీ దారికెక్కించాను. వచ్చే ఏడాది మళ్లీ ఫోన్ వస్తుంది, మళ్లీ నిలబడి వెళ్తాను, మళ్లీ ఆ బొటనవేలు కనిపించేదాకా ఊపిరి బిగబట్టుకుని చూస్తాను. ఆ బాధ వాడు నాకు పెట్టలేదు, నేనే నోరారా పిలిచి తెచ్చుకున్నాను. మీరు కూడా ర్యాలీ చూడ్డానికి వెళ్లేటట్టయితే ఒక్కటే మాట. మడమకు పట్టీ ఉన్న పాత చెప్పులు వేసుకోండి. చూసి వచ్చేద్దామనే వెళ్తారు, తోయాల్సి వస్తుంది.