యూరియా తాగిన బండి

కొత్త డీజిల్ బండ్లంటే నాకు మొదటినుంచీ మంట. నా పాత ట్రాలీ నల్లపొగ కక్కినా, తొక్కితే ఉరికేది. కొత్తదానికి పొగా లేదు, హుషారూ లేదు. పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో ఓ మందునీళ్లు పోయాలి. డ్రైవర్లమంతా దాన్ని యూరియా అనే అంటాం. అందులో తేడా వస్తే బండి తనంతట తానే జోరు తగ్గించేస్తుంది. ఇక స్టీరింగ్ పట్టుకున్న నేనెందుకు?

ఆ పొద్దున పాశమైలారంలో ఖాళీ డ్రమ్ములు దింపి, మా బాపును పటాన్‌చెరు ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. ఆయనకు ఉబ్బసం. ఇంటి దగ్గర బయల్దేరినప్పటినుంచీ మీటరు మీద యూరియా లైటు వెలుగుతూనే ఉంది. తిరిగొచ్చాక మెకానిక్‌కు చూపిద్దాంలే అనుకున్నాను.

వెనక ఏదో ఫ్యాక్టరీలో సైరన్ మోగింది. అద్దంలో చూస్తే గోడ మీదుగా తెల్లటి పొగ రోడ్డు మీదికి దిగుతోంది. ఘాటు గొంతు పట్టుకుంది. కూలీలు ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని పరుగెడుతున్నారు. అద్దాలెక్కించి యాక్సిలరేటర్ తొక్కాను. బండి ఉరకలేదు. ఇంకా తొక్కాను. ఎవరో సైకిలాయన మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు.

"ఏందిరా, గిట్ల పోతున్నవ్?" అన్నాడు బాపు, తువ్వాల ముక్కుకు అదుముకుని.

"యూరియా ఖరాబైనట్టుంది బాపూ! బండి గుంజుతలేదు!"

బాపు తువ్వాల పక్కకు తీశాడు. "నిన్న నువ్వే యూరియా అయిపోవచ్చిందంటివి గద. మడికి తెచ్చిన బస్తలకెళ్లి తీసి, నీళ్లల్ల కలిపి నేనే పోసిన. పైరుకు బలమిచ్చేది బండికియ్యదా అనుకున్న."

ఇంకోరోజైతే ఇల్లెగిరిపోయేలా అరిచేవాణ్ని. ఆయన ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఎత్తుకుని పరుగెత్తుదామంటే పొగలోకి తలుపు తీయాలి. బండిలోనే ఉందామంటే అది కదిలీ కదలనట్టుంది. నాకు ఏడుపొచ్చింది.

"నన్ను ఈడ్నే దింపు," అన్నాడు బాపు, మాట తెగుతూ. "నువ్వన్న ఉరుకు బిడ్డా."

దింపలేదు. గాలి ఇంకోవైపు మళ్లింది కాబట్టి బతికాం. అంతే, అందులో నా గొప్పేం లేదు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక బాపు తేరుకున్నాడు.

మెకానిక్ ట్యాంకు కడిగి బండిని బాగు చేశాడు. ఇప్పుడు ఖాళీ రోడ్డు మీద తొక్కితే ఉరుకుతుంది కూడా. అది జోరందుకోగానే నా చెవిలో 'నువ్వన్న ఉరుకు బిడ్డా' అన్న బాపు మాట వినిపిస్తుంది. కాలు దానంతటదే పైకి లేచిపోతుంది.