ఒక అడుగు తక్కువ దర్వాజ

ఒక టేకు చెట్టును, ఒక చర్చిని, ఒక మంచి వడ్రంగి పేరును నేను ఒక్క టేపుతో ఎట్ల ఆగం చేసిన్నో చెప్త. నవ్వొస్తే నవ్వుండ్రి. మా ఊరోళ్ళందరు ఎప్పుడో నవ్వేసిండ్రు, మీరే మిగిలిండ్రు.

అప్పుడు నేను సివిల్ డిప్లమా పాసై, పాల్వంచల ఒక కాంట్రాక్టర్ దగ్గర సైటు సూపర్‌వైజర్‌గ కొత్తగ చేరిన. కూరగాయలకు పోయినా హెల్మెట్ పెట్టుకొనే పోయేటోణ్ణి. బండి హెల్మెట్ కాదు, సైటుది, పసుపు పచ్చది.

చండ్రుగొండ దగ్గర మా ఊళ్ళె కొత్త చర్చి కడుతున్నరు. గోడలు లేచినయ్ గని దర్వాజకు కట్టె లేదు. అప్పుడు మార్తమ్మవ్వ తన చేను గట్టు మీది టేకు చెట్టు ఇస్తనన్నది. పెండ్లైన కొత్తల ఆమె పెనిమిటి నాటిన చెట్టది. ఆయన పోయి శానా ఏండ్లైంది. అడవి పక్క ఊళ్ళల్ల సొంత టేకు కొట్టాలన్నా ఫారెస్టోళ్ళ పర్మిషన్ కావాలె. అది చేతికొచ్చేసరికి వానకాలం మొత్తం ఒడిసింది. అంటే, ఈ చెట్టు పాడైతే ఇంకో చెట్టు లేదు. ఈ మాట మీరు యాదిపెట్టుకోండ్రి. నేనైతే పెట్టుకోలె.

"ఎంత కట్టె పడతదో లెక్క ఎవరు చూస్తరు?" అని అడిగిండు పాస్టరయ్య.

"నేను లేనా?" అన్న. ఇంకెవరూ నోరు తెరవకముందే అన్న.

వడ్రంగి జానీ భాయ్ మా నాయన దోస్తు. చిన్నప్పటి సంది నన్ను ఎత్తుకొని తిప్పినోడు. కొలతకు ఆయన టేపే ఇచ్చిండు.

"తమ్మీ, దీనికి మొదటి అడుగు తెగిపోయింది. ఒకటి కాడికెల్లి మొదలైతది. కొలిచినంక ఒక అడుగు తీసెయ్యి. మర్చిపోకు."

"భాయ్, నేను డిప్లమా చేసిన."

"అందుకే చెప్తున్న."

పోయి కొలిచిన. ఎత్తు ఎనిమిది అడుగులు చూపిచ్చింది, ఒకటి తీసేసిన, ఏడు. వెడల్పు అయిదు చూపిచ్చింది, ఒకటి తీసేసిన, నాలుగు. ఇంతవరకు నా తప్పేం లేదు. నా జీవితంల అంత కరెక్టుగ నేను ఇంకే పనీ చెయ్యలె. అక్కడనే నిలబడి భాయ్‌కి ఫోన్ కొట్టిన.

"ఎత్తు ఏడు, వెడల్పు నాలుగు."

భాయ్ మల్లొకసారి అడిగిండు. "టేపు చూసే చెప్తున్నవా?"

"అవ్ భాయ్. టేపు చూడక మొగులు చూసి చెప్తనా?"

"మంచిది," అని పెట్టేసిండు.

తర్వాత కట్టె లెక్క కట్టిన. దుంగ పొడుగు, లావు చూసి, దర్వాజకు, రెండు రెక్కలకు సరిగ్గ సరిపోతదని, ముక్క గూడ మిగలదని పాస్టరయ్యకు చెప్పిన. జానీ భాయ్ దగ్గరుండి సామిల్లుల కోపిచ్చిండు. కట్టె మిగిలింది. ముక్కలు కాదు, మంచి మంచి చెక్కలే మిగిలినయ్.

బుద్ధి ఉన్నోడైతే అక్కడ ఆగి, మిగలొద్దు గద, ఎందుకు మిగిలిందని ఆలోచిస్తడు. నేను ఆదివారం ప్రార్థనల లేచి నిలబడి, "కట్టె పొదుపైంది" అని ప్రకటన చేసిన. చప్పట్లు కొట్టిండ్రు. "అంతా దేవుని దీవెన" అన్నడు పాస్టరయ్య. "దేవునిది కొంత, లెక్కది కొంత" అన్న నేను. మిగిలిన చెక్కలతోని వాక్యం చెప్పే బల్ల గూడ నేనే చేపిచ్చిన.

చర్చి ప్రతిష్ఠ రేపనంగ దర్వాజ ట్రాలీ ఆటోల వచ్చింది. ద్రాక్ష తీగలు, నడిమిట్ల సిలువ, భాయ్ పనితనం చూస్తే ఇంకా చూడబుద్ధైతది. నలుగురు లేపి సందుల పెట్టిండ్రు. సులువుగ పోయింది. శానా సులువుగ పోయింది. కుడికి జరిపినా గోడ తగలలె, ఎడమకు జరిపినా తగలలె, పైకి చూస్తే ఆకాశం కనవడ్డది. తండ్రి అంగీ తొడుక్కున్న పిలగాని లెక్క నిలబడ్డది ఆ గోడ నడుమ.

తాపీ మేస్త్రి శానా మర్యాదగ అడిగిండు, "సార్, దీనికి తోడు ఇంకోటి వస్తదా?"

నేను భాయ్ దిక్కు తిరిగిన. "ఏడు చెప్పిన గద భాయ్!"

"ఏడు చెప్పినవ్. అడుగు తీసేస్తే ఆరు."

"నేను తీసేసే చెప్పిన!"

"టేపు చూసే చెప్తున్న అన్నవ్ గద?"

"టేపు చూసే తీసేసిన!"

భాయ్ నెత్తి మీది టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. "యా అల్లా! పిలగాడు మర్చిపోయిండు, అడిగితే నలుగుట్ల పరువు పోతదని నేనే గప్‌చుప్‌గ తీసేసిన తమ్మీ."

నా పరువు కాపాడుదామనుకున్నడు పాపం. ఒక అడుగు ఎక్కువ కాపాడిండు.

వేరే కట్టె లేదు, వేరే రోజు లేదు. మేస్త్రి చుట్టూ ఇటుకలు పేర్చి, పొద్దుగూకే వరకు సిమెంటు పూసేసిండు. ఆరడుగులల్ల పై కట్టె, కింద గడప పోంగ మనిషి దూరేందుకు మిగిలింది అయిదడుగుల చిల్లర.

తెల్లారి జనం వచ్చిండ్రు. దమ్మపేట నుంచి చుట్టాలు గూడ వచ్చిండ్రు. ఒక్కొక్కరు లోపలికి అడుగుపెడుతుంటే ఒక్కొక్క సప్పుడు. నేను పక్కన నిలబడి బస్సు కండక్టర్ లెక్క "తల, తల" అని ఒర్రుతనే ఉన్న. పాస్టరయ్య ఒకసారి తగిలిచ్చుకున్నడు, బైబిల్ మర్చిపోయి బయటికి పోయి, మల్ల వస్తూ ఇంకోసారి తగిలిచ్చుకున్నడు.

ఆఖరికి మార్తమ్మవ్వ వచ్చింది. నేను "తల" అనుడు ఆపి ఎదురువోయిన.

"అవ్వా, తప్పు నాదే. నీ చెట్టును..." అని మొదలువెట్టిన.

ఆమె వంగకుండ, కొంగు సర్దుకోని సీదా లోపలికి నడిచిపోయింది. ఆమె నెత్తి మీద ఇంకా ఇంత జాగ మిగిలే ఉంది. లోపల నిలబడి వెనక్కి తిరిగి, ఆ కట్టె మీద చెయ్యి పెట్టి జరసేపు నిమిరింది. తర్వాత నొసళ్ళు రుద్దుకుంట కూసున్న మొగోళ్ళందర్నీ ఒకసారి చూసింది.

"ఎవల్రా పొట్టిగుందన్నది?" అన్నది. "దర్వాజ మంచిగనే ఉంది. మీరే జర ఎక్కువ పెరిగిండ్రు."

ఆ రోజు ఆ దర్వాజ కింద నిలబడి, అంటే వంగి నిలబడి, సత్యప్రమాణంగ ఒట్టు పెట్టుకున్న. బతికున్నన్ని రోజులు ఇంక దేని పొడుగూ చెప్ప, దేని వెడల్పూ చెప్ప. ఇప్పటిదాక ఆ ఒట్టు తప్పలె. మొన్న నాకు పిల్లను చూసొచ్చినంక, "పిల్ల ఎంత ఎత్తుందిరా?" అని మా అమ్మ అడిగింది.

"నన్నడగకు," అన్న. "ఇంకెవరినన్నా అడుగు."