తడిసిన సరుకు, వేణక్క

మొన్న మార్చి ఆఖరున మా కంపెనీ గిడ్డంగిలో సరుకు సరిచూస్తుంటే, గోడవారనున్న పెట్టె ఒకటి తెరవగానే తడిసి ఆరిన అట్ట వాసన గుప్పుమంది. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఇరవై మూడేళ్ల వయసులో పుదుచ్చేరిలో పనిచేసిన అగరుబత్తీల కంపెనీ, అక్కడ నాకు లెక్కలు నేర్పిన వేణక్క ఒక్కసారిగా గుర్తొచ్చారు.

ఆవిడ పూర్తి పేరు జి. కమలవేణి. ఆఫీసులో అందరికీ మేడం. నేను యానాం నుంచి వచ్చానని తెలిసిన రోజే తెలుగులో పలకరించి, అక్కా అని పిలిస్తే చాలన్నారు. తాతల కాలం నుంచీ పుదుచ్చేరిలోనే ఉన్న కుటుంబం వాళ్లది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆవిడకు తెలుగు చదవడం రాదు. నా గోదావరి యాస విని ఆవిడ నవ్వేవారు, ఆవిడ తెలుగులో దొర్లే తమిళం విని నేను నవ్వేదాన్ని. మధ్యాహ్నం ఇద్దరం క్యారేజీలు కలిపి తినేవాళ్లం.

ఆ ఏడాది ఆఖరి లెక్కలు నాకు మొదటివి. ట్రయల్ బ్యాలెన్స్‌లో రెండు వైపులా మొత్తాలు కుదరగానే పని అయిపోయిందనుకుని గర్వంగా తీసుకెళ్లి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదివారు.

“కణక్కు కుదిరింది, సరే. ఈ సంవత్సరం యాడ ఉంది దీంట్లో?” అన్నారు.

కణక్కంటే లెక్కని తెలుసు, ఆ ప్రశ్నే నాకు అర్థం కాలేదు. అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చెప్పారు. జనవరిలో ఏడాదికని కట్టిన బీమాలో మూడు నెలలదే ఈ సంవత్సరం ఖర్చు, మిగతాది వచ్చే సంవత్సరానిది. మార్చిలో వాడిన కరెంటుకు బిల్లు ఏప్రిల్లో వచ్చినా అది ఈ సంవత్సరం ఖర్చే. యంత్రాల విలువ ఏటా తగ్గించి రాసే తరుగుదల దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి లేచి, అగరుబత్తీల పిండి కలిపే యంత్రం దగ్గరికి తీసుకెళ్లి, అరిగిపోయిన దాని అంచును చేత్తో తడిమి చూడమన్నారు. అప్పటిదాకా తరుగుదలంటే నాకు పుస్తకంలోని ఒక శాతం మాత్రమే.

ఆ తరవాత నన్ను అరియాంకుప్పం గిడ్డంగికి వెళ్లి సరుకు లెక్కపెట్టి రమ్మన్నారు. ఎండగా ఉంది, బస్సులో నిలబడి వెళ్లాలి. నేను వెళ్లలేదు. గిడ్డంగి సూపర్‌వైజరుకు ఫోను చేసి, ఆయన చెప్పిన అంకెలే రాసి ఇచ్చేశాను. చూసినావా అని వేణక్క అడిగితే, చూశానక్కా అన్నాను. ఆ జాబితాను బట్టి లాభం ఎంతో యజమానికి తెలిసింది. కొత్త యంత్రానికి అప్పు అడుగుతున్న ఆయన అదే మాట బ్యాంకులోనూ చెప్పి వచ్చారు.

రెండు రోజులకు వేణక్క జాబితా మళ్లీ తీశారు. వానాకాలంలో గిడ్డంగి కప్పు కారిందని ఆవిడకు తెలుసు. నా కాగితంలో పాడైన పెట్టె ఒక్కటీ లేదు. నన్నేమీ అడగకుండా, మర్నాడు పొద్దున బస్సెక్కించి తీసుకెళ్లారు. గిడ్డంగిలో ముందు వరసలన్నీ బాగానే ఉన్నాయి. వెనక అడుగు వరసలో పెట్టెను లాగితే అట్ట చేతికి ఊడి వచ్చింది. లోపల అగరుబత్తీలకు తెల్లగా బూజు పట్టింది. ఒకటి వెలిగిస్తే తడిగుడ్డ కాలుతున్న కంపు. సూపర్‌వైజరు ముందు ఆవిడ నన్నొక్క మాట అనలేదు. సాయంత్రందాకా ఇద్దరం పెట్టెలన్నీ తెరిచి చూశాం. తిరుగు బస్సులో, కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నారు:

“పోకుంటే పోలేదని చెప్పు, ఇద్దరం పోదాం. తెలియకుంటే తెలియదని చెప్పు, నేర్పిస్తా. చూడంది చూసినానంటే నేనేం చేసేది?”

చెడిన సరుకు విలువ తగ్గించేసరికి లాభం పోయి నష్టం తేలింది. యజమాని మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. ఈ సర్దుబాటు వచ్చే సంవత్సరంలో చేద్దామని తమిళంలో నచ్చజెప్పారు. సరుకు తడిసింది ఈ సంవత్సరమే కదా సార్ అని వేణక్క నెమ్మదిగా, కానీ ప్రతిసారీ అదే చెప్పారు. చివరికి ఆయన, మరి మొదటి జాబితా ఇచ్చిందెవరని అడిగారు. నేను నోరు తెరిచేలోగా వేణక్క, నేనే సార్, సరిగా చూడకుండా ఇచ్చేశాను అన్నారు. నేను తలదించుకుని నిలబడ్డాను. కాదని చెప్పడానికి సమయం ఉంది. చెప్పలేదు.

లెక్కలు నష్టంతోనే ఆడిటరుకు వెళ్లాయి. అప్పు కొన్ని నెలలు ఆలస్యమైంది, యంత్రమూ ఆలస్యంగానే వచ్చింది. కంపెనీ మునిగిపోలేదు. వేణక్క ఎప్పటిలాగే నాకు పని చెప్పేవారు, క్యారేజీలో కూర నాకూ వడ్డించేవారు. ఆ సంగతి ముగిసిందనే అనుకున్నాను.

మరుసటి మార్చిలో, ఇవ్వాల్సిన జీతాలు లెక్కగట్టడానికి జీతాల పుస్తకం మొదటిసారి నా చేతికొచ్చింది. అందరి జీతాలూ పెరిగాయి, నాది కూడా. వేణక్కది మాత్రం ముందటేడు ఎంతో అంతే. పుస్తకం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఎందుకక్కా నా తప్పు నెత్తిన వేసుకున్నారని అడిగాను.

“ఊరు కాని ఊరు వచ్చినావు. నిన్ను పొమ్మంటే యాడికి పోతావమ్మా?” అన్నారు, రాస్తున్న కాగితంలోంచి తలెత్తకుండా.

ఆ మధ్యాహ్నమే యజమాని గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన, ఈ మాట చెప్పడానికి నీకు సంవత్సరం పట్టిందా అని మాత్రం అడిగారు. ఆ నెల నుంచి వేణక్క జీతం పెంచారు. గడిచిన సంవత్సరానిది ఇవ్వలేదు. నేను మళ్లీ వెళ్లి అడుగుతానంటే, ఆ ఏడాది పుస్తకాలు మూసేశాం కదా, వదిలెయ్యమని వేణక్క నవ్వేశారు.

మరో నాలుగేళ్లు పనిచేసి ఆవిడ రిటైరయ్యారు. ఇప్పుడు లేరు. నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. వాళ్ల కాగితంలో తప్పుందని పైవాళ్లు నిలదీసిన ప్రతిసారీ నేను ముందుగా లేచి, సరిచూసి సంతకం పెట్టింది నేనేనని చెబుతాను. మంచివారని వాళ్లంటారు. ఒకప్పుడు యజమాని గదిలో వేణక్క పక్కన నేను తలదించుకుని నిలబడిన సంగతి వాళ్లకు తెలియదు.