సిన్నమ్మ ఓటేసిన నియోజకవర్గం

మా సిన్నమ్మ మొదటిసారి ఓటేసిన పార్లమెంటు నియోజకవర్గం ఇప్పుడు లేదు. దానిలోని ఊళ్లున్నాయి, కాలవలున్నాయి, సముద్రం వైపు వెళ్ళే ఇరుకు రోడ్డు ఉంది. వాటన్నిటినీ కలిపి పిలిచే పేరు మాత్రం హద్దులు మళ్ళీ గీసినప్పుడు పోయింది. ఒక ముక్క ఉత్తరాన ఉన్నదానిలో కలిసింది, ఇంకో ముక్క దక్షిణాన ఉన్నదానిలో. నేలను ముక్కలు చేసి ముక్కకొక మనిషిని పార్లమెంటుకి పంపే ఈ పద్ధతి బ్రిటిష్ వాళ్లు వదిలి వెళ్ళింది. వాళ్ల దేశంలో కూడా ఇలాగే పేర్లు పుడతాయి, పోతాయి అని చదివాను. అలా పోయినదాని చరిత్ర ఎవరైనా రాస్తే గెలిచినవాళ్ల గురించి రాస్తారు. నాకు తెలిసింది ఓటేసిన ఒక మనిషి గురించి.

ఆమె మా అమ్మకి చెల్లెలు. మేము పిన్ని అనం, సిన్నమ్మ అంటాం. మలేసియాలో సుంగై సుమున్ ఊరు దాటి లోపలికి వెళితే వచ్చే ఒక కొబ్బరి తోటలో ఇద్దరూ పుట్టారు. తర్వాత కొబ్బరి కొట్టేసి పామాయిల్ వేశారు. మా వాళ్లంతా తోట యజమానులు కట్టించిన వరస ఇళ్లలో ఉండేవారు. వాటిని లైన్లు అనేవాళ్లం. సిన్నమ్మ ఆ లైన్లలో ఆయా. తల్లులు తెల్లవారుతుండగా తోటలోకి వెళుతూ పిల్లల్ని ఆమె దగ్గర వదిలేవారు. ఎండ ముదిరాక వచ్చి తీసుకెళ్ళేవారు. నేనూ అక్కడే పెరిగాను.

ఎన్నికలు వస్తున్నాయని తెలిసిన రోజు నుంచీ ఆయా కొట్టం అరుగు బడి అయిపోయేది. సిన్నమ్మ బియ్యప్పిండితో అరుగు మీద పెద్ద ఓటు కాగితం గీసేది. ఒక గడిలో చేప, ఒక గడిలో గొడుగు, ఒక గడిలో దీపం. ఏ పార్టీ గుర్తూ వెయ్యకుండా జాగ్రత్తపడేది. పిల్లల కోసం వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వంగి, బొగ్గుముక్కతో తమకి నచ్చిన బొమ్మ పక్క ఖాళీ గడిలో ఒకదాని మీదుగా ఒకటి రెండు గీతలు గీయాలి. గీత గడి దాటితే సిన్నమ్మ తుడిచేసి మళ్ళీ గీయించేది. వాళ్లలో చాలామందికి ఏ భాషలోనూ అక్షరాలు రావు. చేతులు కత్తికీ బుట్టకీ అలవాటు పడ్డవి.

ఒకసారి మా లైన్లలో అందరికన్నా పెద్దావిడ అన్ని గడుల్లోనూ గీతలు గీసేసింది.

"ఏటి పెద్దమ్మా, అందరికీ ఏసేసినావు?" అంది సిన్నమ్మ.

"అందరూ మంచోలే గదే. ఎవుల్ని నొప్పించమంతావు?"

"అందరికీ ఏస్తే ఎవులికీ పడదు. ఒకడ్నే ఎంచుకోవాల."

"ఎవుడ్ని?"

"అది నువ్వు సెప్పకు. నాను అడగను."

ఆ మాట మీద ఆమె చివరిదాకా నిలబడింది. ఏ పార్టీ వాళ్లు వచ్చి జెండాలు పంచమన్నా పంచలేదు. అలాగని ఎవరినీ తిట్టి పంపలేదు, అందరికీ టీ ఇచ్చేది. ఎవరికి ఓటు వేసిందో మా చిన్నాన్నకి కూడా చెప్పలేదని మా అమ్మ నవ్వుతూ అనేది.

ఆ నియోజకవర్గం చరిత్రలో నేను కళ్ళారా చూసిన గొప్ప ఘట్టం కొబ్బరి మొద్దు మీద జరిగింది. మా లైన్లకీ తమిళ బడికీ మధ్య ఒక పెద్ద కాలవ ఉండేది. మలయ్‌లో పరిట్ అంటారు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు దాన్నిండా బురదనీళ్లు ఎక్కేవి. దాటడానికి రెండు కొబ్బరి మొద్దులు పక్కపక్కన పడేసి ఉండేవి. వానలకి నాచు పట్టి జారేవి. పుస్తకాల సంచీ తడిపేసుకుని ఏడుస్తూ ఇంటికి తిరిగొచ్చిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని. తోట మేనేజరుని అడిగితే కాలవ ప్రభుత్వానిది అనేవాడు. ప్రభుత్వాఫీసులో అడిగితే నేల తోటది అనేవారు.

నేను ఆ బడి వదిలి పట్నంలో పెద్ద బడికి వెళుతున్న రోజుల్లో ఎన్నికలొచ్చాయి. పోటీ చేస్తున్న ఒకాయన ఒక సాయంత్రం రామాలయం ముందు మైదానంలో మాట్లాడడానికి వచ్చాడు. తెల్ల చొక్కా, మెరిసే బూట్లు. మా వాళ్లు దండ వేశారు. ఆయన మైకు అందుకోబోతుంటే సిన్నమ్మ లేచి దగ్గరికి వెళ్ళింది. ఆయనది తమిళం, సిన్నమ్మకీ తమిళం బాగా వచ్చు.

"అయ్యా, మాట్లాడే ముందు మా పిల్లల బడి చూసొద్దాం, రండి. దగ్గరే" అంది.

ఆయన వెంట వచ్చినవాళ్లు టైము లేదన్నారు. ఆయన మాత్రం ఆమె ముఖం చూసి బయల్దేరాడు. ఊరంతా వెనకే నడిచాం. కాలవ దగ్గర ఆగి, బడి అటు ఉంది అని చూపించింది. ఆయనకి విషయం అర్థమైంది. బూట్లు విప్పి, పంట్లాం మడిచి మొద్దు మీద అడుగు వేశాడు. సగం దూరం బాగానే వెళ్ళాడు. అక్కడ మొద్దు కదిలింది. పడిపోకుండా ఆయన గుర్రం ఎక్కినట్టు దాని మీద కూచుండిపోయాడు. జనంలో ఎవరో నవ్వబోయారు. సిన్నమ్మ వెనక్కి తిరిగి చూసింది, నవ్వు ఆగిపోయింది. చీర కుచ్చిళ్లు దోపుకుని మొద్దు మీదకి నడిచి చెయ్యి అందించింది.

"కిందకి చూడకండి. నా భుజం చూస్తూ రండి. పిల్లలకీ అదే చెప్తాను" అంది.

ఇద్దరూ అవతలి గట్టు ఎక్కారు. ఆయన బడి గోడ పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత ఆ గట్టు మీంచే, మైకు లేకుండా, ఒకే ఒక్క మాట చెప్పాడు. గెలిచినా ఓడినా ఇక్కడ వంతెన పడేదాకా వస్తాను అన్నాడు. గెలిచాడు. వానలు మొదలయ్యేలోపు సిమెంటు వంతెన పడింది. దాన్ని తెరవడానికి వచ్చినప్పుడు రిబ్బను సిన్నమ్మ చేత కత్తిరించమంటే ఆమె సిగ్గుపడి, ఆ రోజు బడికి వచ్చిన పిల్లల్లో అందరికన్నా చిన్నదాని చేతికి కత్తెర ఇచ్చింది.

ఎంపీలను ఇక్కడ అందరూ వైబీ అంటారు. సిన్నమ్మకి వాళ్ల పేర్లు గుర్తుండేవి కావు. నీళ్ల వైబీ, వంతెన వైబీ, కనపడని వైబీ. ఆ నియోజకవర్గంలో ఎవరెవరు ఏ క్రమంలో గెలిచారో నేను ఆ పేర్లతోనే నేర్చుకున్నాను.

తర్వాత నేను చదువుకుని టీచరునై క్లాంగ్ వచ్చేశాను. లైన్లలో చాలామంది పిల్లలు ఫ్యాక్టరీల్లోకి వెళ్ళారు. తోటలో ఇప్పుడు పని చేసేది ఎక్కువగా బయటి దేశాల వాళ్లు. రోడ్డుకి రెండు పక్కలా చిన్న ఇళ్లు కట్టి పాత పనివాళ్లకి ఇచ్చారు. ఒక వరసలో సిన్నమ్మ, ఎదురు వరసలో ఆమె వదిన. పొద్దున లేచి ఎదురూబొదురూ మాట్లాడుకుంటూ వాకిళ్లు ఊడ్చుకునేవారు.

నాలుగు రోజులు సెలవు దొరికి వెళ్ళినప్పుడు సిన్నమ్మ నన్ను కారు తియ్యమంది.

"ఊరి హాల్లో పటం ఏలాడగట్టినారంట. సూసొద్దాం పద."

అది కొత్త హద్దుల పటం. గోడ నిండా ఉంది. జనం ఎవరూ లేరు, బల్ల దగ్గర ఒక మలయ్ అధికారి కూర్చుని ఉన్నాడు. సిన్నమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మా రోడ్డు ఎక్కడని అడిగింది. ఆయన లేచొచ్చి వేలు పెట్టి చూపించాడు. ఎర్ర గీత సరిగ్గా ఆ రోడ్డు మీదుగా పోతోంది. పాత నియోజకవర్గం పేరు పటంలో ఎక్కడా లేదు.

"మా వదినిల్లు ఒక వైబీ కిందా, నాను ఇంకో వైబీ కిందానా?" అని నన్ను తెలుగులో అడిగింది. అవునన్నాను. గీత వెంట ఆ చివరిదాకా వేలు జరుపుతూ పోయింది.

అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చని ఆ అధికారే మర్యాదగా చెప్పాడు. కాకపోతే ఒక్కరు చెబితే వినరు, కనీసం వందమంది ఓటర్లు కలిసి అడగాలి.

"వందమందేనా?" అంది సిన్నమ్మ. "నా సేతుల మీద పెరిగినోలే అంతకన్నా ఎక్కువున్నారు లా." ఇక్కడ ఏ భాష మాట్లాడినా మాట చివర ఆ లా తగులుతుంది.

ఆ మాట నిజమే అయినా పని తేలిక కాలేదు. చాలామంది ఊళ్లో లేరు. కొందరికి గీత ఎక్కడుంటే ఏమిటి అనిపించింది. సెలవు రోజుల్లో నేను కారు నడిపితే ఆమె పక్కన కూర్చుని ఇళ్లు చూపించేది. మా వాళ్లతో ఆగలేదు. చేపల పడవల వాళ్లుండే మలయ్ పల్లెకి, కంపోంగ్‌కి వెళ్ళింది. కొట్టు నడిపే చైనీస్ ముసలాయన దగ్గరికి వెళ్ళింది. పొద్దున నాసి లెమాక్, అంటే కొబ్బరిపాల అన్నం, అమ్మే మలయ్ ఆవిడ మొదట తల అడ్డంగా ఊపింది. సిన్నమ్మ ఆమె బెంచీ మీద కూచుని పొట్లం విప్పి తింటూ, ఆవిడ కొడుకు కూడా తమిళ బడి పక్కనుంచే, ఆ వంతెన మీదే మలయ్ బడికి వెళ్ళేవాడని గుర్తుచేసింది. ఆవిడ చేతులు తుడుచుకుని సంతకం పెట్టింది. ఒకే నియోజకవర్గం అనే మాటకి అర్థం నాకు అక్కడ, ఆ బెంచీ దగ్గర తెలిసింది. పాఠ్యపుస్తకంలోంచి ఎన్నోసార్లు పాఠం చెప్పాను, అలా ఎప్పుడూ తెలియలేదు.

విచారణ పట్నంలో ఒక హాల్లో జరిగింది. పెద్ద పెద్ద పార్టీల లాయర్లు ముందు మాట్లాడారు. సిన్నమ్మ వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆమెది సంతలో బేరాలాడి నేర్చుకున్న మలయ్. మధ్యలో మాట దొరక్కపోతే తెలుగు వచ్చేసేది, నేను పక్కనుంచి అందించేదాన్ని. హద్దు మారితే మీకేం నష్టం అని విచారణ జరుపుతున్న అధికారి అడిగాడు. ఆమె చెప్పింది మా మాటల్లో ఇలా ఉంటుంది:

"మావంతా ఒక్క కొళాయి కాడ నీల్లు పట్టుకున్నోలం బాబూ. ఏ కష్టవొచ్చినా అందరం కలిసి ఒక మనిసి కాడికి ఎల్లినాం. సగం మంది ఒకడి కాడికి, సగం మంది ఇంకొకడి కాడికి ఎల్తే ఇద్దరికీ సులకనైపోతాం. పేరు తీసేస్తే తియ్యండి. మడుసుల్ని ఇడదియ్యకండి."

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. మీరు గీత ఎక్కడ గీస్తారు అని అడిగాడు. సిన్నమ్మ పటం దగ్గరికి వెళ్ళి తోట చివర ఉన్న ఇంకో పెద్ద కాలవ చూపించింది. దానికి అవతల ఇళ్లు లేవు, చెట్లే అంది.

కొన్ని నెలలకి ఆఖరు పటం వచ్చింది. గీత రోడ్డు మీంచి ఆ చివరి కాలవ మీదకి జరిగింది. రెండు వరసల ఇళ్లూ, రామాలయం, బడి ఒకే వైపున్నాయి. పాత పేరు మాత్రం రాలేదు. ఫోనులో ఆమెకి చెప్పేటప్పుడు పేరు పోయిన సంగతే ముందు చెప్పాను. నా చిన్నతనం అంతా ఆ పేరు కింద గడిచింది. సిన్నమ్మ మాత్రం సంతోషంగానే ఉంది.

"వదిన మాతోనే ఉంది. ఇంకేటి కావాల?"

కొత్త నియోజకవర్గంలో మొదటి ఎన్నికకి లైన్లలో పుట్టినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. కొత్తగా ఓటు వచ్చిన పిల్లలూ వచ్చారు. వాళ్లకి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మలయ్‌లోనో తమిళంలోనో ఇస్తారు. సిన్నమ్మ వాళ్లందరితో పాటు బడి ముందు ఎండలో వరసలో నిలబడింది. పెద్దవాళ్లు ముందుకి వెళ్ళొచ్చని అధికారులు పిలిచినా వెళ్ళలేదు, పిల్లలతో కబుర్లలో ఉంది.

గెలిచినామె వయసులో చిన్నది. విచారణ సంగతి ఎవరో చెప్పారేమో, సిన్నమ్మను పార్లమెంటు చూడడానికి రమ్మని కబురు పంపింది. నేనే తీసుకెళ్ళాను. సిన్నమ్మ పెళ్ళిళ్లకి కట్టే పట్టుచీర కట్టింది. పై వరసలో సందర్శకుల చోట కూర్చున్నాం. కింద ఎవరో లేచి మాట్లాడుతుంటే కొందరు వింటున్నారు, కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు. సిన్నమ్మ రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క కుర్చీ వరసా వెతికింది.

"పాపా, మన పాత సీటు ఏదే?" అని మెల్లగా అడిగింది.

కుర్చీలు ఊళ్ల ప్రకారం కాదు, పార్టీల ప్రకారం ఇస్తారని చెప్పాను. ఆమె తల ఊపి మళ్ళీ కిందకి చూసింది. అప్పుడే మా కొత్త వైబీ లేచి మైకు నొక్కింది. సముద్రపు గట్టు తెగి తోటల్లోకి ఉప్పునీళ్లు వస్తున్న సంగతి మాట్లాడింది. పక్క కుర్చీలో ఒకాయన ఆవలించాడు. సిన్నమ్మ మాత్రం ముందుకి వంగి, ఆమె కూర్చునేదాకా ఒక్క మాట పోనివ్వకుండా విన్నది.

"గట్టిగానే అడిగింది" అంది. "ఆకలేస్తంది, పద."