పటంలో నడిమి తాటిచెట్టు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మాది ప్రార్థనకు వెళ్ళే కుటుంబం. పోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారు గానీ రోడ్ల మీద తిరగరని మా నాన్న చెప్పేవారు. పైగా నేను సోషల్ టీచర్ని. ఎవరేం చెప్పినా ఆధారం ఏదని అడుగుతానని ఇంట్లో నన్ను లాయరమ్మ అని ఏడిపించేవారు. అయినా ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మద్దిలపాలెంలో సిటీబస్సెక్కి గాజువాక అవతల ఒక కాలనీ బడికి వెళ్ళేదాన్ని. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరు వదిలి వచ్చినవాళ్ళ కాలనీ అది. ఒకరోజు రాజుల పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, మా ఊరు ఏ పాఠంలో ఉంది టీచర్ అని అడిగింది. ఏ పాఠంలోనూ లేదు. చాలా సిగ్గేసింది.

అప్పటినుంచి ప్రతి శనివారం ఒంటిపూట బడి వదిలాక వరండాలో పెద్ద కాగితం పరిచి, కాలనీ పెద్దవాళ్ళని కూర్చోబెట్టి పాత ఊరి పటం గీయడం మొదలుపెట్టాను. నాకొక నియమం ఉండేది. ఒక్కరు చెబితే పెన్సిలుతో గీస్తాను. అదే సంగతి రెండో మనిషి కూడా చెబితేనే సిరాతో దిద్దుతాను.

ఒక చింతచెట్టు ఇంటికి ముందుందా వెనకుందా అని ఇద్దరు ముసలి బావలు పోట్లాడుకుని రెండు వారాలు మాట మానేశారు. ఆ చెట్టు కొట్టేసి అప్పటికే రెండేళ్ళయింది. అక్కడ నవ్వాను గానీ, బస్సులో తలుచుకుంటే ఏడుపొచ్చింది.

సన్యాసి తాత అని ఒకాయన ప్రతి వారం వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. ఒక్క మాటా చెప్పేవాడు కాదు.

ఒక శనివారం అందరూ వెళ్ళిపోయాక కాగితం చుట్టబోతున్నాను. రెండు గంటలై ఉంటుంది, ఎండ మండిపోతోంది. అరవై ఏళ్ళుంటాయేమో, ఒకావిడ వరండా ఎక్కింది. నీలం నేత చీర, ఎడమచేతి చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. పేరడిగితే రాములమ్మ అంది. పటం ముందు చతికిలబడి, పడమటి వాగు, వాళ్ళ మాటలో గెడ్డ, దాని ఒడ్డున ఖాళీగా ఉన్నచోట వేలు పెట్టింది.

"ఇక్కడ మూడు తాటిసెట్లు. నడిమి సెట్టు మొదట్ల నా పాప ఉంది. రాయమ్మా."

ఇళ్ళు, నూతులు, దారులే రాస్తున్నామని, సమాధులు రాయడం లేదని చెప్పాను. మా వాళ్ళ సమాధుల మీద పేర్లు చెక్కించుకునేదాన్ని, ఆమెతో ఆ మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆమె వాదించలేదు, వేలూ తియ్యలేదు. బస్సు తప్పిపోతుందన్న తొందరలో మూడు చెట్లు గీసి, మధ్యదాని కింద పెన్సిలుతో చిన్న సున్న చుట్టాను. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్ళకి కనపడింది" అంది.

పటం గురించే అంటోందనుకున్నాను. కాగితం చుట్టి తలెత్తేసరికి ఆవరణలో ఎవరూ లేరు. గబగబా నడిచే మనిషి కాబోలు అనుకుని బస్సుకి పరిగెత్తాను.

మరుసటి శనివారం కాగితం పరవగానే సన్యాసి తాత మొదటిసారి దగ్గరికొచ్చి వంగి చూశాడు. ఆ సున్న మీద చెయ్యి పెట్టి, "ఇది ఎవలు సెప్పినారమ్మా?" అని అడిగాడు.

పేరు చెప్పాను, చీర చెప్పాను, వంగిన వేలు చెప్పాను. పక్కనున్న ఒకామె మెల్లగా నాకు చెప్పింది. రాములమ్మ ఈయన భార్య. మంచం పట్టి, మూడు నెలల కిందట పోయింది. ఆమెను నేను ఎన్నడూ చూసి ఎరగను.

తాత కూలబడి చెప్పుకొచ్చాడు. వాళ్ళకు పుట్టింది ఒక్కతే ఆడపిల్ల, పురుడు తీరకముందే పోయింది. తల్లి గడప దాటకూడదు కనక పసిగుడ్డుని తనొక్కడే ఎత్తుకెళ్ళాడు. వాన, గెడ్డ పొంగి వల్లకాటికి దారి లేదు. ఇవతలి ఒడ్డునే, నడిమి తాటిచెట్టు మొదట్లో పూడ్చిపెట్టాడు. ఆ చోటు ఎవరికీ చెప్పలేదు. రాములమ్మ బతికినన్నాళ్ళూ అడుగుతూనే ఉంది.

"తెలిస్తే రోజూ పోయి అక్కడే కూకుంటాదని సెప్పనేదు. తరవాత సెబుదామనుకున్నాను. ఊరే పోనాది. అది సచ్చిపోయేటప్పుడు కూడా అడిగింది, నాను సెప్పనేదమ్మా."

ఆమె కోపంగా ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఆపుకోలేకపోయాను.

ఎవరో రాములమ్మ పేరు చెప్పుకుని వచ్చారేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. వచ్చినా, ఆయనొక్కడికే తెలిసిన చోటు మీద వేలెలా పెడతారు? ఆ చోటు ఇప్పుడు ఫ్యాక్టరీ గోడ లోపల ఉంది. తాటిచెట్లు లేవు, గెడ్డ కూడా లేదు.

ఆ రోజు తాత చూస్తుండగానే సిరా బుడ్డి తెరిచాను. రెండో మనిషీ చెప్పాడు కనక, నా నియమం ప్రకారం ఆ సున్నని సిరాతో దిద్దాను. మొదట చెప్పిన మనిషి సంగతి మాత్రం ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.