కారణం అడగని చీటీ పాట

కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా వీధి తెలుగువాళ్ల చీటీ ఇరవై రెండేళ్లుగా నేనే నడుపుతున్నాను. ఇరవై మందిమి, నెలకు తలా రెండు వేలు, ప్రతి ఎనిమిదో తారీఖు సాయంత్రం మా ఇంట్లో పాట. డబ్బు అవసరమైనవాళ్లు ఎంత వదులుకుంటారో పాడతారు. ఎక్కువ వదులుకున్నవాళ్లదే ఆ నెల చీటీ, వదిలింది అందరికీ పంపకం. ఎందుకు పాడుతున్నావని మాత్రం అడగకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. మొగుడి తాగుడూ కూతురి ఆపరేషనూ నలుగురిలో చెప్పుకోవలసిన ఖర్మ ఎవరికీ పట్టకూడదని.

పోయిన శ్రావణంలో మా అబ్బాయి పాటకు కూర్చున్నాడు. డాక్‌లో సరుకు లెక్క రాసే ఉద్యోగం, నలభై నాలుగేళ్లవాడు. అప్పటికి మూడు నెలలుగా ఫోన్లో కళ్లు పెట్టి, తినేది కూరో పచ్చడో తెలియకుండా తింటున్నాడు. "ఏటైందిరా?" అంటే "ఏటీ నేదమ్మా" అనేవాడు.

ఎదురింటావిడ మూడు వేలతో మొదలుపెట్టింది. వాడు ఒక్కసారిగా "పన్నెండు వేలు" అన్నాడు.

"ఓలమ్మా, మా పంపకం పెరిగిపోనాది!" అని ఆవిడ నవ్వింది. "దాదా, ఒచ్చే నెలా నువ్వే పాడు!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. నలభై వేల చీటీలో పన్నెండు వేలు పారబోసే అవసరం, నాకు తెలియకుండా, నా ఇంట్లో ఎక్కణ్ణుంచి వచ్చింది?

"ఎందుకురా?" అన్నాను.

"పిన్నీ, అడక్కూడదని నువ్వే కదా..." అంది ఎదురింటావిడ.

"నువ్వు నోరుముయ్యి. ఎందుకురా?"

వాడు చాప కేసి చూస్తూ చెప్పాడు. "ఫోన్లో పేకాట. పోయింది మళ్లీ లాగుదామని."

"ఎంత?"

"ఇదిగో, ఇందుకే సెప్పనేకపోనాను!" అని అరిచాడు. నా మీద వాడు గొంతెత్తడం అదే మొదలు. "ఆడినంతసేపూ బుర్రలో ఏటీ ఉండదమ్మా. ఆపితే సిగ్గేస్తాది. ఆ సిగ్గు ఓర్సుకోనేక మళ్లీ ఆడతన్నాను. అది సెప్దామని ఒస్తాను. నువ్వు ఎంతని అడుగుతావు."

ఇంకెవరూ నవ్వలేదు.

పాట పాటే. నేను ఇరవై ఎనిమిది వేలూ లెక్కపెట్టి, కోపంతోనే వాడి ముందు పెట్టాను. వాడు ముట్టుకోలేదు.

"నా సేతికియ్యకమ్మా. ఇస్తే రేపటికుండదు."

చీటీ ఎదురింటావిడకు మూడు వేలకే వెళ్లింది. ఆవిడ తల వంచుకుని తీసుకుంది.

ఆ ఆట తయారుచేసినవాళ్ల మీద నా కోపం తగ్గలేదు. ఇంట్లో నాతో చెప్పలేనిది పద్దెనిమిది మంది ముందు చెప్పినందుకు వాడి మీదా తగ్గలేదు. ఇప్పుడు డ్యూటీ నుంచి రాగానే ఫోన్ నా ఒళ్లో పడేసి కూర్చుంటాడు.

"ఈవేళ శానా ఆడబుద్దేసిందమ్మా."

ఎంతని అడగను. "ఎప్పుడు?" అంటాను, కోపంగానే. చెబుతాడు. చెప్పడం అయ్యేదాకా అన్నం వడ్డించను.