చివరి పేజీలోని పేరు

ప్రొద్దుటూరులో నాది వీసాల దుకాణం. తెరవగానే ఏ దేశం ఏ రూలు మార్చిందో చదువుతాను. పక్క కొట్టు ఏజెంటుకు అదొక నవ్వులాట. "పరీచ్చ రాస్తాండావా మామా?" అనేవాడు.

జమ్మలమడుగు నుంచి ఒకామె వచ్చింది. దుబాయిలో కూతురికి కాన్పు దగ్గరపడింది. మావైపు చాలామందికిలాగే ఆమె పాస్‌పోర్టులోనూ ఇంటిపేరు లేదు, ఉన్నది ఒక్క పేరే. అలాంటివాళ్లను విజిట్ వీసా మీద రానివ్వకూడదని అక్కడ కొత్త రూలు పెట్టారు. పక్క కొట్టు ఏజెంటు ఆమెను వెనక్కి పంపేస్తే నా దగ్గరికొచ్చింది.

ఆ రూలు మా ఊరి టీకొట్ల దాకా వచ్చింది. దాని వెనకే వచ్చిన సవరణ మాత్రం ఎవరికీ పట్టలేదు. పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరుంటే చాలట!

"ఎవురు ఆపినా చివరి పేజీ తిప్పి చూపియ్యమ్మా" అని వీసాతో పాటు సవరణ కాగితం చేతికిచ్చి పంపాను.

చెన్నై విమానాశ్రయంలో ఆపనే ఆపారు. ఆమె పేజీ తిప్పి, కాగితం చూపింది. దుబాయిలో దిగగానే ఫోన్ చేసింది. పక్క కొట్టుకు వినపడాలని స్పీకర్ పెట్టాను.

"సచ్చిపోయి ఇన్నేండ్లయినా, మా నాయనే నన్ను విమానం ఎక్కిచ్చినాడన్నా!"